కటకం వెనుక కన్ను

పాఠ్యభాగ నేపథ్యం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని గ్రహించి, దానిని సకారణంగా, క్రమబద్ధంగా వివరించే రచన వ్యాసం. ప్రకృతిదృశ్యాలను చిత్రించే ఛాయాగ్రహణ కళలో కటకానికి ఉన్న స్థానమేమిటి, కటకం చేయలేని పని ఏమిటి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది. భౌతికశాస్త్రంలో చదువుకొన్న కటక ధర్మాలు కళకు ఎట్లా ఉపకరిస్తాయో, ఒక ఛాయాచిత్రం చరిత్రకు ఎట్లా సాక్ష్యమవుతుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అది 1927వ సంవత్సరం, ఏప్రిల్ నెల. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో యోసెమిటీ అనే లోయ ఉంది. ఇరవై అయిదేళ్ల యువకుడొకరు బరువైన కెమెరాను, గాజు పలకలను వీపున మోసుకొని, మంచు ఇంకా కరగని కొండచరియల మీదుగా మిత్రులతో కలిసి పైకెక్కుతున్నారు. ఆయన పేరు ఆన్సెల్ ఆడమ్స్. హాఫ్ డోమ్ అనే మహాశిలకు ఎదురుగా ఉన్న ఒక కొండయంచు ఆయన గమ్యం. లోయ నేల నుండి దాదాపు 4,800 అడుగుల ఎత్తున నిలిచిన ఆ శిల, ఒక వైపు నిలువునా కోసినట్లు కనిపిస్తుంది. వెంట తెచ్చుకొన్నవి పన్నెండు పలకలు. అనుకొన్న చోటికి చేరి పని మొదలుపెట్టే వేళకు మిగిలినవి రెండు పలకలు మాత్రమే.

మధ్యాహ్నపు ఎండ శిల ముఖం మీదికి మళ్లింది. ఆడమ్స్ కటకానికి పసుపు రంగు ఫిల్టరు తగిలించి ఒక పలక మీద చిత్రం తీశారు. తీసిన వెంటనే ఆయనకు సందేహం కలిగింది. ఆ చిత్రంలో శిల ఆకారం సరిగానే వస్తుంది. కాని ఆకాశం వెలవెలబోయి బూడిద రంగులో ఉంటుంది. శిల ఎదుట నిలిచినప్పుడు తన మనస్సులో కలిగిన గంభీర భావం అందులో ఉండదు. అప్పుడాయన పసుపు ఫిల్టరును తీసివేసి, ముదురు ఎరుపు ఫిల్టరు పెట్టి చివరి పలకను వెలుగుకు చూపారు. ఎర్రని గాజు నీలికాంతిని అడ్డుకొంటుంది. కాబట్టి నీలాకాశం చిత్రంలో దాదాపు నల్లగా మారింది. ఆకాశపు నీలికాంతి మాత్రమే సోకే నీడలు మరింత చిక్కబడ్డాయి. వాటి నడుమ మంచు తెల్లగా మెరిసింది. 'మోనోలిత్' అనే పేరుతో ప్రపంచప్రసిద్ధి పొందిన చిత్రం అదే.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉంది. రెండు చిత్రాలకూ కెమెరా ఒకటే, కటకం ఒకటే, నిలిచిన చోటు ఒకటే. మారింది చిత్రకారుని ఆలోచన. షట్టరు నొక్కక ముందే పూర్తయిన చిత్రాన్ని మనోనేత్రంతో చూడగలగడం ఛాయాచిత్రకారునికి ముఖ్యమని ఆడమ్స్ ఆ తరువాత జీవితాంతం బోధించారు. ఆ పాఠాన్ని ఆయన నేర్చుకొన్నది ఆ కొండయంచుననే.

ఛాయాగ్రహణ చరిత్ర ఒక దృశ్యంతోనే మొదలయింది. ఫ్రాన్సు దేశస్థుడైన నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి కిటికీ నుండి కనిపించే కప్పులను, గోడలను ఒక లోహపు పలక మీద నిలిపారు. కెమెరాతో తీసిన చిత్రాలలో నేటికి మిగిలినవాటిలో అదే అతి ప్రాచీనమైనది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలు ఈ కళ కష్టసాధ్యంగానే సాగింది. 1861లో కార్లటన్ వాట్కిన్స్ అనే ఛాయాచిత్రకారుడు కంచర గాడిదల మీద సామగ్రి ఎక్కించుకొని యోసెమిటీ లోయకు వెళ్లారు. ఆయన వాడిన గాజు పలకలు సుమారు 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు కలవి. పలకకు రసాయనం పూసి, అది ఆరిపోకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే గుడారంలో కడగవలసి వచ్చేది. ఆ చిత్రాలను తూర్పుతీరంలోని పెద్దలు చూచి అబ్బురపడ్డారు. 1864 జూన్ 30న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ యోసెమిటీ లోయను ప్రజల కోసం పరిరక్షించే చట్టంపై సంతకం చేశారు. లింకన్ ఆ లోయను ఎన్నడూ కళ్లారా చూడలేదు. ఆ చట్టానికి అనుకూల వాతావరణం ఏర్పడడంలో వాట్కిన్స్ చిత్రాలకు పాత్ర ఉన్నదని చరిత్రకారులు భావిస్తారు.

మన దేశంలోనూ గాజు పలకల కాలంలోనే ఈ కళ వేళ్లూనింది. దీన్ దయాళ్ (1844-1905) మధ్యభారతంలోని కోటలను, ఆలయాలను, వాటి పరిసరాలను చిత్రించారు. తరువాత హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై 'రాజా' బిరుదు పొందారు. సికింద్రాబాదులో ఆయన నెలకొల్పిన స్టూడియో ఆ కాలంలో పేరెన్నికగన్నది. నాటి హైదరాబాదు రూపురేఖలు మనకు తెలుస్తున్నాయంటే అందుకు ఆయన శ్రమ ఒక ముఖ్య కారణం.

కళాభిమానులు నలుగురు కూడిన చోట చర్చ తప్పదు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో ఛాయాచిత్రాలను చిత్రలేఖనంలాగా మెత్తగా, మసకగా తీయడం గొప్పగా చెలామణి అయ్యేది. ఇందుకోసం మృదువైన బింబాన్నిచ్చే ప్రత్యేక కటకాలు కూడా ఉండేవి. ఈ పద్ధతి నచ్చని కొందరు మిత్రులు కాలిఫోర్నియాలో ఒకచోట చేరి, ఒకరి చిత్రాలు ఒకరు చూచుకొంటూ, గుణదోషాలు చర్చించుకొంటూ 1932లో ఒక బృందంగా ఏర్పడ్డారు. ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్, విల్లార్డ్ వాన్ డైక్ మొదలైనవారు అందులో సభ్యులు. తమ బృందానికి వారు పెట్టుకొన్న పేరు 'ఎఫ్/64'. ఆ సంవత్సరం నవంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో వారి ప్రదర్శన ప్రారంభమైంది. బృందం కొద్ది సంవత్సరాలకే చెదిరిపోయింది. వారు లేవనెత్తిన చర్చ మాత్రం నేటికీ సాగుతూనే ఉంది.

ఆ పేరుకు అర్థం తెలియాలంటే కటకం పనితీరు తెలియాలి. కుంభాకార కటకం దూరవస్తువుల నుండి వచ్చే కిరణాలను ఒకచోట కేంద్రీకరిస్తుందని మీరు చదువుకొన్నారు. కటకం నుండి ఆ బిందువుకు గల దూరం నాభ్యంతరం. కటకంలో వెలుతురు ప్రవేశించే రంధ్రాన్ని అపర్చర్ అంటారు. ఇది మన కంటిపాప వంటిది. అవసరాన్ని బట్టి చిన్నదిగాను, పెద్దదిగాను చేయవచ్చు. నాభ్యంతరాన్ని ఈ రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకంలో ఎఫ్/2 వద్ద రంధ్రం వ్యాసం 25 మిల్లీమీటర్లు. ఎఫ్/16 వద్ద సుమారు 3 మిల్లీమీటర్లు. అనగా సంఖ్య పెరిగిన కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది.

రంధ్రం చిన్నదైతే రెండు ఫలితాలు కలుగుతాయి. మొదటిది, దగ్గరి గడ్డిపరక నుండి దూరపు కొండ వరకు అన్నీ స్పష్టంగా వస్తాయి. పెద్ద కెమెరాలలో ఇటువంటి స్పష్టతనిచ్చే అతి చిన్న రంధ్రాన్ని ఎఫ్/64 సూచించేది. అందుకే ఆ మిత్రులు దానిని తమ ఆదర్శానికి గుర్తుగా ఎన్నుకొన్నారు. రెండవది, లోనికి వచ్చే వెలుతురు తగ్గిపోతుంది. ఎఫ్/8 వద్ద సెకనులో అరవయ్యవ వంతు చాలిన దృశ్యానికి ఎఫ్/64 వద్ద దాదాపు ఒక సెకను కావలసి వస్తుంది. అంతసేపు చేయి కదలకుండా ఉండదు కాబట్టి మూడు కాళ్ల స్టాండు అవసరం. స్టాండు ఉన్నా గాలికి ఆకు కదిలితే ఆకు చెదిరిపోతుంది. స్పష్టత కోసం వెలుతురును, వెలుతురు కోసం కాలాన్ని వదులుకోవలసిందే.

అట్లని రంధ్రాన్ని ఎంత చిన్నది చేస్తే అంత మంచిదని భావించరాదు. సన్నని రంధ్రం గుండా పోయేటప్పుడు కాంతి అంచుల వద్ద వంగి వ్యాపిస్తుంది. దీనినే వివర్తనం అంటారు. ఎఫ్ సంఖ్య పెరిగిన కొద్దీ ఒక్కొక్క బిందువు చిన్న మచ్చగా విస్తరిస్తుంది. ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు గల నెగటివును పెద్దది చేయకుండా యథాతథంగా అచ్చు తీసినప్పుడు ఆ మచ్చ కంటికి ఆనదు. నేటి చిన్న కెమెరాలలో బింబాన్ని ఎన్నో రెట్లు పెద్దది చేసి చూస్తాము గనుక ఎఫ్/22 వద్దనే చిత్రం కొంత మెత్తబడుతుంది. ఒక కాలంలో ఒక పనిముట్టుకు సరిపోయిన నియమం అన్ని పనిముట్లకూ సరిపోదు.

ఔత్సాహికులు ఎక్కువగా వాదించుకొనే విషయం మరొకటి ఉంది. కొండ పెద్దదిగా కనిపించాలంటే ఏ కటకం కొనాలి? దీనికి ఒక చిన్న లెక్క సమాధానం చెబుతుంది. ఒక మైదానంలో 10 మీటర్ల ఎత్తున్న తాటిచెట్టు ఉందనుకొందాము. మీకు కిలోమీటరు దూరంలో, ఆ చెట్టు వెనుక, 100 మీటర్ల కొండ ఉంది. మీరు చెట్టుకు 20 మీటర్ల దూరంలో నిలిచి 20 మిల్లీమీటర్ల విశాలకోణ కటకంతో చూస్తే, కొండ చెట్టు ఎత్తులో అయిదో వంతే కనిపిస్తుంది. ఇప్పుడు 180 మీటర్లు వెనుకకు నడవండి. చెట్టు పదోవంతుకు తగ్గిపోతుంది. కొండ మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. అక్కడ 200 మిల్లీమీటర్ల కటకం తగిలిస్తే చెట్టు చిత్రంలో మునుపటి ఎత్తుకు వస్తుంది. కాని కొండ ఇప్పుడు చెట్టుకంటె ఒకటిన్నర రెట్లకు పైగా ఎత్తై, దాని వెనుక గోడవలె లేచి నిలుస్తుంది. కొండను పెంచింది కటకం కాదు. మీరు నడిచిన 180 మీటర్లు. కటకం చేసిన పని, ఆ చోటు నుండి ఎంత దృశ్యాన్ని చిత్రంలోకి తీసుకోవాలో నిర్ణయించడమే.

కాబట్టి కటకాన్ని ఎన్నుకోవడమంటే దేనిని ఉంచాలి, దేనిని వదలాలి అని నిర్ణయించుకోవడం. ఈ నిర్ణయానికి అందంతో పాటు న్యాయంతోనూ సంబంధం ఉంది. యోసెమిటీ చిత్రాలలో మనకు శిలలు, జలపాతాలు, మేఘాలు కనిపిస్తాయి. మనుషులు సాధారణంగా కనిపించరు. కాని అది మనుషులెరుగని లోయ కాదు. అవానీచీ అనే ఆదివాసులు తరతరాలుగా అక్కడ నివసించారు. 1851లో ఒక సాయుధ దళం ఆ లోయలో ప్రవేశించి వారి గుడిసెలను, ఆహార నిల్వలను తగులబెట్టి వారిని తరిమింది. చిత్రాలలోని నిర్మానుష్య సౌందర్యాన్ని చూచి ముగ్ధులైనవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు? చిత్రం అబద్ధం చెప్పలేదు. అంచుకు అవతల ఉన్నదాన్ని చెప్పలేదు.

ఆడమ్స్ తన కళను ప్రజాహితానికి వినియోగించిన సందర్భాలూ ఉన్నాయి. కింగ్స్ కేన్యన్ ప్రాంతాన్ని జాతీయ వనంగా ప్రకటించాలని కోరుతూ ఆయన 1936లో తన చిత్రాలతో వాషింగ్టన్ వెళ్లారు. వెంటనే ఫలితం రాలేదు. 1938లో ఆ పర్వతాల చిత్రాలతో ఒక పుస్తకం వెలువరించారు. 1940లో కింగ్స్ కేన్యన్ జాతీయ వనం ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో జపాను సంతతి అమెరికనులను నిర్బంధించిన మంజనార్ శిబిరానికి 1943లో వెళ్లి, పర్వతాల నీడలో బతుకుతున్న ఆ మనుషుల ముఖాలను చిత్రించి మరుసటి ఏడు పుస్తకంగా ప్రచురించారు. కొండలను చూచిన కన్నే మనుషులనూ చూచింది.

అయితే చిత్రం ప్రతి లోయనూ కాపాడలేదు. యోసెమిటీ జాతీయ వనంలోనే ఉన్న హెచ్‌హెచీ అనే మరొక అందమైన లోయ, 1913లో వచ్చిన చట్టం ఫలితంగా 1923లో పూర్తయిన ఆనకట్ట వెనుక మునిగిపోయింది. ఆ లోయ నేల ఎట్లా ఉండేదో తెలుసుకోవడానికి నేడు పాత ఛాయాచిత్రాలే ఆధారం.

ఇటువంటి అనుభవం తెలుగు నేలకూ ఉంది. కృష్ణాతీరాన ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి, అక్కడి బౌద్ధ విహారాలు నాగార్జునకొండ లోయలో శతాబ్దాల పాటు మట్టి కింద ఉండిపోయాయి. 1926లో వాటి ఉనికి వెలుగులోకి వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. లోయ మునగక తప్పదని తెలిసి, 1954 నుండి 1960 వరకు పురావస్తుశాఖవారు విస్తృతంగా తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను కొండపైకి, అనుపు వద్దకు తరలించి పునర్నిర్మించారు. నేడు ఆ కొండ జలాశయం నడుమ ద్వీపం. ఆ నీరు లక్షల ఎకరాలను పండిస్తున్న మాట నిజం. ఆ నీటి అడుగున ఒక నగరం నేల ఉన్నదన్నదీ నిజమే. తవ్వకాల నాటి ఛాయాచిత్రాలు ఆ రెండవ నిజానికి సాక్షులు. వాటిని తీసినవారు అందం కోసం కాక, ఉన్నది ఉన్నట్లు నమోదు చేయడం కోసం తీశారు. కాలం గడిచిన కొద్దీ అవే అమూల్యమయ్యాయి.

నేడు ప్రతి చేతిలో కెమెరా ఉంది. ఫోనులోని కటకం నాభ్యంతరం కొన్ని మిల్లీమీటర్లే గనుక దగ్గరిదీ దూరానిదీ ఇంచుమించు అన్నీ స్పష్టంగానే వస్తాయి. ఎఫ్/64 బృందం శ్రమించి సాధించిన స్పష్టత మనకు అడగకుండానే లభిస్తున్నది. ఇక మిగిలింది మన వంతు. గండికోట వద్ద పెన్నానది ఎర్రమల కొండలను కోసిన లోయను చూడండి. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు రాతిపొరలు చదునుగా కనిపిస్తాయి. సూర్యోదయ వేళ పక్క నుండి పడే ఎండలో అవే పొరలు వెలుగునీడలతో ఒక్కొక్కటిగా లేచి నిలుస్తాయి. అరగంట ముందు లేవడం ఏ కటకమూ చేయలేని పని.

అంత దూరం పోలేనివారు తమ ఊరి చెరువునే చూడవచ్చు. ఒకేచోట నిలిచి, ప్రతి మాసం ఒకసారి, ఒకే చట్రంలో దానిని చిత్రించండి. తీసిన చిత్రం మీద తేది, స్థలం వ్రాసి ఉంచండి. నిండిన నీరు, ఎండిన బీటలు, గట్టున పెరిగిన తుమ్మ, కొత్తగా లేచిన గోడ అన్నీ అందులో నిలుస్తాయి. మిత్రులకు చూపినప్పుడు 'ఇది ఏ కెమెరాతో తీశావు?' అని వారు అడుగుతారు. 'ఎక్కడ నిలిచి తీశావు, పక్కన ఏమి వదిలావు?' అని మీరు వారిని అడగండి. పదేళ్ల తరువాత ఆ చెరువు ఉన్నదా లేదా, ఉంటే ఎంత ఉన్నది అని ఎవరైనా విచారించినప్పుడు, మీ చిత్రం సమాధానం చెప్పగలదు.

కఠిన పదాలకు అర్థాలు

కటకం = కాంతి కిరణాలను వంచి బింబాన్ని ఏర్పరచే గాజు, లెన్స్
మనోనేత్రం = మనస్సు అనే కన్ను
కష్టసాధ్యం = శ్రమతో మాత్రమే సాధింపదగినది
వివర్తనం = అడ్డంకి అంచు వద్ద కాంతి వంగి వ్యాపించడం
ఔత్సాహికులు = ఆసక్తితో ఒక పనిని చేపట్టేవారు
నిర్మానుష్యం = మనుషులు లేనిది
అమూల్యం = వెలకట్టరానిది

సంధులు

నాభ్యంతరం = నాభి + అంతరం – యణాదేశ సంధి
జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణ సంధి
కొండయంచు = కొండ + అంచు – యడాగమం

సమాసాలు

వెలుగునీడలు = వెలుగును, నీడయు – ద్వంద్వ సమాసం
ప్రకృతిదృశ్యం = ప్రకృతి యొక్క దృశ్యం – షష్ఠీ తత్పురుష సమాసం
మహాశిల = గొప్పదైన శిల – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
రెండు పలకలు = రెండు సంఖ్య గల పలకలు – ద్విగు సమాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. అపర్చర్ చిన్నదైనందువల్ల కలిగే లాభనష్టాలను సోదాహరణంగా వివరించండి.
2. ఛాయాచిత్రం చరిత్రకు సాక్ష్యంగా నిలుస్తుందని పాఠం ఆధారంగా నిరూపించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. ఆడమ్స్ చివరి పలకకు ఎరుపు ఫిల్టరును ఎందుకు వాడారు?
2. తాటిచెట్టు, కొండ ఉదాహరణ ద్వారా రచయిత చెప్పదలచినదేమిటి?
3. నాగార్జునకొండ తవ్వకాల చిత్రాలు ఎందుకు అమూల్యమయ్యాయి?

సందర్భసహిత వ్యాఖ్యలు

1. కొండను పెంచింది కటకం కాదు.
2. చిత్రం అబద్ధం చెప్పలేదు. అంచుకు అవతల ఉన్నదాన్ని చెప్పలేదు.
3. కొండలను చూచిన కన్నే మనుషులనూ చూచింది.

భాషా కార్యకలాపం

మీ గ్రామంలో లేదా పట్టణంలో మార్పు చెందుతున్న ఒక స్థలాన్ని ఎన్నుకొని ఛాయాచిత్రం తీయండి. చిత్రంలో ఉన్నవాటిని అయిదు వాక్యాలలోను, చిత్రం అంచుకు అవతల ఉండిపోయినవాటిని అయిదు వాక్యాలలోను వర్ణించి తరగతిలో చదివి వినిపించండి.